కుక్క చెవికి వైఫై వినిపిస్తుందా?

(ఒక పూర్వ విద్యార్థి, భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు)



వార్షికోత్సవ సంచికకు ఒక సైన్సు వ్యాసం రాసి పంపమని వార్డెన్ సారు ఫోన్ చేసి అడిగారు. మొదట అంతరిక్షం గురించి రాద్దామనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, పోయినేడాది మన హాస్టల్ వరండాలోనే జరిగిన సంగతి ఒకటి రాయకుండా ఎక్కడో ఉన్న నక్షత్రాల గురించి రాయడం బాగుండదనిపించింది. ఆ సంగతిలో ఒక కుక్క ఉంది, ఒక వైఫై పెట్టె ఉంది, ఒక తొందరపాటు నిర్ణయం ఉంది. అది చెప్పే ముందు మా కాలం నాటి ముచ్చట ఒకటి చెబుతాను.

డబ్బా టీవీ ఈల

మేము చదువుకునే రోజుల్లో హాస్టల్లో ఒక పాత డబ్బా టీవీ ఉండేది. పరీక్షల నెలలో దానికి సెలవు. అయినా క్రికెట్ ఉన్న రోజున పెద్ద తరగతుల అన్నలు మెల్లగా గదిలోకి దూరి, తలుపు వేసుకుని, సౌండు పూర్తిగా తగ్గించి చూసేవారు. పక్క గదిలో స్టడీ అవర్లో కూర్చున్న మాకు మాత్రం తెలిసిపోయేది. సన్నగా, సూదిలాగా "కీ..." మని ఒక ఈల చెవిలో గుచ్చుకునేది. ఒకసారి మాలో ఒకడు అలిగి వార్డెన్ సారుకి చెప్పేశాడు. అప్పటికి ఆయన రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నారు. టీవీ గది తలుపు దగ్గర చెవి ఒగ్గి చాలాసేపు నిలబడ్డారు.

"ఏం ఈలరా? నాకేమీ వినబడట్లేదే. చదువుకోమంటే కబుర్లు చెబుతున్నారు" అని మమ్మల్నే మందలించి వెళ్లిపోయారు.

ఆయన అన్నల్ని వెనకేసుకొచ్చారని మేము చాలాకాలం అనుకున్నాం. డిగ్రీలో భౌతికశాస్త్రం చదివాక అసలు విషయం తెలిసింది. మన దేశంలో ఆ టీవీలు ఒక్కో బొమ్మను 625 గీతలుగా గీసేవి. సెకనుకు 25 బొమ్మలు. 625ను 25తో గుణిస్తే 15,625. అంటే టీవీ లోపలి ట్రాన్స్‌ఫార్మరు సెకనుకు 15,625 సార్లు పనిచేస్తూ, ఆ లెక్కనే సన్నగా కంపించేది. ఆ కంపనమే మాకు వినిపించిన ఈల. వయసు పెరిగేకొద్దీ మనిషి చెవి ముందుగా ఇలాంటి సన్నని శబ్దాలనే పోగొట్టుకుంటుంది. కాబట్టి సారు అబద్ధమాడలేదు, మేమూ ఆడలేదు. ఒకే గోడ పక్కన నిలబడి ఒకరికి వినిపించింది మరొకరికి వినిపించలేదు. అంతే.

"నాకు వినబడలేదు కాబట్టి శబ్దం లేదు" అనుకోవడం ఎంత తేలికో చూశారా? మనుషుల మధ్యే ఇంత తేడా ఉంటే, మనిషికీ కుక్కకూ మధ్య ఎంత ఉండాలి!

నల్లోడికి వచ్చిన కష్టం

ఇప్పుడు ఉంటున్న తమ్ముళ్లకు నల్లోడిని పరిచయం చేయనక్కర్లేదు. పూర్వ విద్యార్థుల కోసం చెబుతున్నాను. వాడు మన హాస్టల్ కుక్క. ఎవరూ కొనలేదు, తేలేదు. వానాకాలంలో గేటు దగ్గర దొరికిన పిల్లను వాచ్‌మన్ తాత చేరదీశాడు. పగలు చింతచెట్టు కింద, రాత్రి స్టోరు గది కిటికీ కింద వాడి పడక. పిల్లలు వదిలేసిన అన్నమే వాడి భోజనం. రాత్రిపూట కొత్త మనిషి గేటు మీద చెయ్యి వేస్తే చాలు, హాస్టలంతా లేచేలా మొరిగేవాడు.

పోయినేడాది వార్షికోత్సవానికి నేను వచ్చేసరికి వాడు వరండాలో లేడు. పిల్లల్ని అడిగితే తలో మాట చెప్పారు. నెల రోజులుగా వాడు కిటికీ కిందికి రావడం మానేశాడు. అన్నం పెట్టినా గబగబా రెండు ముద్దలు తిని పారిపోతున్నాడు. రాత్రిపూట ప్రహరీ గోడ అవతల నిలబడి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపుకు పదో తరగతి పిల్లలకు నిద్ర లేదు. కుక్క ఏడిస్తే కీడని కొందరు, పిచ్చి పట్టిందని కొందరు. మున్సిపాలిటీ వాళ్లకు చెప్పి ఎక్కడికైనా పంపించేద్దామని పెద్దల మాట.

పిల్లల్లో ఇంకో వాదం పుట్టింది. "అన్నా, వైఫై పెట్టినప్పటి నుంచే వీడు ఇలా అయ్యాడు. వైఫై తరంగాలు కుక్కలకు వినబడతాయట. మా ఊళ్లో ఒకాయన చెప్పాడు" అన్నాడు తొమ్మిదో తరగతి తమ్ముడు.

ఇక్కడ వచ్చిన చిక్కు గమనించండి. ఆ వైఫై ఊరికే రాలేదు. ఎన్ని అర్జీలు పెడితే వచ్చిందో మీకు తెలుసు. పట్నంలో ప్రైవేటు స్కూలు పిల్లవాడు ఇంట్లో కూర్చుని చూసే పాఠాలు మన పిల్లలూ చూడాలంటే అదే దిక్కు. నల్లోడు ఉండాలంటే వైఫై పోవాలి, వైఫై ఉండాలంటే నల్లోడు పోవాలి అన్నట్టు పిల్లలు రెండు జట్లయ్యారు. నిజంగా ఆ రెండింటికీ పోటీ ఉందా లేదా అని మాత్రం ఎవరూ అడగలేదు.

రెండు రకాల అలలు

ముందు వైఫై తరంగమంటే ఏమిటో, శబ్దమంటే ఏమిటో విడివిడిగా తెలుసుకుందాం. రెండింటినీ తరంగాలనే అంటాం, రెండింటినీ హెర్ట్జ్‌లలోనే కొలుస్తాం. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

శబ్దం అంటే గాలి కదలిక. మన భోజనం గంటను కొట్టినప్పుడు ఆ ఇనుము కంపిస్తుంది. పక్కనున్న గాలిని నెడుతుంది. ఆ గాలి దాని పక్క గాలిని నెడుతుంది. అలా సెకనుకు సుమారు 340 మీటర్ల వేగంతో వచ్చి మన కర్ణభేరిని తడుతుంది. గాలి గానీ, నీరు గానీ, గోడ గానీ ఏదో ఒక పదార్థం లేకపోతే శబ్దం ప్రయాణించలేదు.

వైఫై, బ్లూటూత్, సెల్‌ఫోను వాడేవి రేడియో తరంగాలు. ఇవి వెలుతురుకు చుట్టాలు. విద్యుత్, అయస్కాంత క్షేత్రాల కదలికలు. గాలితో పని లేదు, శూన్యంలో కూడా సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతాయి. మన వైఫై 2.4 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 240 కోట్ల కంపనాలు. కానీ అక్కడ కంపించేది గాలి కాదు. కర్ణభేరిని తట్టడానికి అక్కడ ఏమీ లేదు.

"240 కోట్లు చాలా ఎక్కువ కాబట్టి కుక్కకు కూడా వినబడదు" అని కొందరు సమాధానం చెబుతారు. జవాబు సరిపోయినా కారణం తప్పు. రేడియో తరంగం 10,000 హెర్ట్జ్‌లే అయినా చెవికి వినబడదు. ఎర్ర రంగు గట్టిగా ఉందా మెల్లగా ఉందా అని చెవిని అడిగితే ఎలా ఉంటుందో ఇదీ అంతే. కాబట్టి వైఫై తరంగం నల్లోడికి వినబడదు. మనకూ వినబడదు, గబ్బిలానికీ వినబడదు.

కుక్క చెవి గొప్పతనం

అయితే కుక్క చెవి మాత్రం తక్కువదేమీ కాదు. మనిషి వినగలిగేది సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు. కుక్క సుమారు 67 హెర్ట్జ్ నుంచి 45,000 హెర్ట్జ్ దాకా వినగలదని 1983లో హెన్రీ హెఫ్నర్ అనే అమెరికా శాస్త్రవేత్త ప్రకటించిన కొలతలు చెబుతున్నాయి. పిల్లి ఇంకా పైకి, 85,000 దాకా పోతుంది. అంటే మన చెవికి తలుపు మూసుకున్న చోట కుక్కకు ఇంకా సగానికి పైగా ఇల్లు మిగిలే ఉంది.

20,000 హెర్ట్జ్‌లకు పైన ఉండే శబ్దాన్ని అతిధ్వని అంటాం. కుక్కకు అది వినబడుతుందని లోకానికి చూపించినవాడు ఫ్రాన్సిస్ గాల్టన్. ఈ ఇంగ్లండు పండితుడు 1876లో ఒక చిన్న ఈల తయారు చేశాడు. దాన్ని చేతికర్ర చివర అమర్చి, రబ్బరు గొట్టంతో గాలి ఊదుతూ లండన్ జంతు ప్రదర్శనశాలలో బోనుల దగ్గర తిరిగాడు. ఏ జంతువు చెవులు రిక్కిస్తుందో చూశాడు. నేటికీ కుక్కలకు శిక్షణ ఇచ్చేవారు వాడే నిశ్శబ్దపు ఈలకు అదే మూలం.

ఆ సంగతులు రాసిన 1883 నాటి పుస్తకంలోనే ఆయన ఇంకొక మాట కూడా పుట్టించాడు. యూజెనిక్స్. మనుషుల్లో మేలురకం, నాసిరకం పుట్టుకలోనే ఉంటాయని, మేలురకాన్నే పెంచాలని ఆ వాదం. తర్వాతి కాలంలో ఆ వాదం పేరుతో ఎన్నో ఘోరాలు జరిగాయి. ఈల పనిచేసింది, వాదం కుప్పకూలింది. చిన్న కుక్కలే ఈలకు తిరిగి చూశాయని, పెద్ద కుక్కలు పట్టించుకోలేదని కూడా ఆయన రాశాడు. వందేళ్ల తర్వాత హెఫ్నర్ చివావా వంటి పిడికెడు కుక్క మొదలు సెయింట్ బెర్నార్డ్ వంటి భారీ కుక్క దాకా కొలిచి చూస్తే, సన్నని శబ్దాలు వినడంలో ఒళ్లు పెద్దదా చిన్నదా అన్నదానితో సంబంధం లేదని తేలింది. చూడగానే అంచనా కట్టడం వేరు, కొలిచి చూడడం వేరు. ఈ తేడా మన హాస్టల్ పిల్లలకు ఒకరు చెప్పాలా?

వైర్‌లెస్ వస్తువులకు శబ్దమే లేదా?

తరంగం వినబడదన్నాం. ఆ తరంగాన్ని పుట్టించే పెట్టె, దానికి కరెంటు ఇచ్చే అడాప్టరు మాత్రం వస్తువులే కదా. వస్తువు కంపిస్తే శబ్దం వస్తుంది.

సెల్‌ఫోను చార్జరు, వైఫై అడాప్టరు, ఎల్‌ఈడీ బల్బు, లాప్‌టాప్ వీటన్నిటి లోపలా కరెంటును సెకనుకు వేల సార్లు, కొన్నిటిలో లక్షల సార్లు ఆపి వదిలే సర్క్యూట్లు ఉంటాయి. అలా ఆపి వదిలేటప్పుడు లోపలి తీగచుట్టలు, కెపాసిటర్లు అతి సూక్ష్మంగా కంపిస్తాయి. ఆ కంపనం కొన్నిసార్లు 20,000 హెర్ట్జ్‌లకు పైన పడుతుంది. మనకు నిశ్శబ్దం, కుక్కకు సన్నని ఈల. మంచి అడాప్టరులో అది చాలా మెల్లగా ఉంటుంది. నాసిరకం దానిలో, పాతబడి వదులైన దానిలో పెరుగుతుంది. కొన్ని చార్జర్లకు చెవి ఆనిస్తే మనకే "స్‌స్‌" మని వినబడుతుంది.

ఇంట్లోకి వచ్చిన తొలి వైర్‌లెస్ టీవీ రిమోట్లలో ఒకటి ఏకంగా అతిధ్వని మీదే నడిచిందంటే ఆశ్చర్యపోతారు. 1956లో అమెరికాలో జెనిత్ కంపెనీ స్పేస్ కమాండ్ అనే టీవీ రిమోట్ అమ్మింది. రాబర్ట్ ఆడ్లర్ అనే ఇంజనీరు దాన్ని రూపొందించాడు. అందులో బ్యాటరీ లేదు. బటన్ నొక్కితే చిన్న సుత్తి ఒక అల్యూమినియం కడ్డీని కొడుతుంది. దాని నుంచి 40,000 హెర్ట్జ్ పరిసరాల్లో శబ్దం వస్తుంది. టీవీలోని మైకు దాన్ని విని చానెల్ మారుస్తుంది. తాళాల గుత్తి గలగలలాడినా చానెల్ మారిన సందర్భాలున్నాయి. ఆ కడ్డీ శబ్దం ఇంట్లో మనిషికి వినబడదు, కుక్క వినికిడి హద్దుల్లో మాత్రం ఉంది. 1980ల మొదట్లో పరారుణ కాంతి రిమోట్లు వచ్చి ఆ శబ్దాన్ని పోగొట్టాయి. ఇప్పటి రిమోట్ వెలుతురు పంపుతుంది కాబట్టి కుక్కకు ఇబ్బంది లేదు.

వైర్‌లెస్ వస్తువుల నుంచి మనకు వినబడే శబ్దాలు కూడా ఉన్నాయి. కాలింగ్ బెల్ కీచు, బ్యాటరీ అయిపోతోందని కూసే కూత, ఫోను నోటిఫికేషను. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణం పరిశోధకులు 2021లో ఒక అధ్యయనం ప్రచురించారు. 386 మంది కుక్కల యజమానులను ప్రశ్నలడిగారు, 62 వీడియోలు పరిశీలించారు. ఆగి ఆగి వచ్చే సన్నని కీచు శబ్దాలు, ఉదాహరణకు పొగను పసిగట్టే అలారంలో బ్యాటరీ తగ్గినప్పుడు వచ్చే కూత, ఎడతెగకుండా వచ్చే మందమైన శబ్దాల కంటే కుక్కలను ఎక్కువ కలవరపెడతాయని తేలింది. అంతకంటే బాధాకరమైన విషయం, కుక్క భయపడుతుంటే యజమానులు చాలామంది అది తమాషా అనుకుని నవ్వారు. భయాన్ని గుర్తుపట్టలేదు.

స్టోరు గదిలో దొరికిన దొంగ

ఇప్పుడు మళ్లీ మన వరండాకు వద్దాం. నేను పిల్లల్ని ఒక్కటే అడిగాను. "వైఫై పెట్టిన రోజుల్లోనే హాస్టల్లోకి కొత్తగా వచ్చిన వస్తువు ఇంకేమైనా ఉందా?"

అందరూ తలకాయలు గోక్కున్నారు. చివరికి కామాటి అన్న చెప్పాడు. "స్టోరులో ఎలుకల మిషను పెట్టాం సారూ. బియ్యం బస్తాలు కొరికేస్తున్నాయని సంతలో కొన్నాం. ప్లగ్గులో పెడితే చాలు, ఎలుకలు పారిపోతాయన్నారు."

వెళ్లి చూశాను. కిటికీ పక్క ప్లగ్గులో అరచేతి అంత తెల్ల పెట్టె, ఎర్ర లైటు. ఎలుకల్ని తరిమే అతిధ్వని పరికరమది. ఇలాంటివి సాధారణంగా 20,000 హెర్ట్జ్‌లకు పైన గట్టిగా కూస్తాయి. మనిషికి వినబడకూడదనే అలా చేస్తారు. దానికి ఎదురుగా ఇనుప జాలీ ఉన్న కిటికీ. కిటికీ కింద నల్లోడి పడక!

అయినా "దొంగ దొరికాడు" అని నేను ఆ రోజు అనలేదు. వైఫై మీద పిల్లలు వేసిన నింద ఎలాంటిదో, పెట్టె మీద నేను వేసే నింద కూడా అప్పటికి అలాంటిదే. రెండూ ఒకే వారంలో వచ్చాయి. ఏది కారణమో అడిగి తెలుసుకోవడానికి కుక్కకు నోరు లేదు. కాబట్టి ఒక పద్ధతి పెట్టాం.

ఇద్దరు తమ్ముళ్లు స్విచ్చులు చూస్తారు. ఇంకో ఇద్దరు కుక్కను చూస్తారు. ఏ రాత్రి ఏ స్విచ్చి ఆపారో మొదటి జట్టు రెండో జట్టుకు చెప్పకూడదు. పెట్టె ఎర్ర లైటుకు, వైఫై లైట్లకు అట్టముక్క అడ్డం పెట్టారు. మొదటి మూడు రాత్రులు రెండూ నడిచాయి. తర్వాత మూడు రాత్రులు వైఫై ఆపి, ఎలుకల పెట్టె ఉంచారు. ఆ తర్వాత మూడు రాత్రులు వైఫై ఉంచి, పెట్టె ఆపారు. చివరి మూడు రాత్రులు మళ్లీ రెండూ నడిపారు. నల్లోడు ఎక్కడ పడుకున్నాడు, ఎన్నిసార్లు ఏడ్చాడు అన్నది నోటుబుక్కులో రాశారు. ముందుగానే పశువుల డాక్టరు గారు వాడిని చూసి, జబ్బు లక్షణాలు లేవని చెప్పి, టీకా వేశారు. పిల్లలు దూరం నుంచే చూడాలని గట్టిగా చెప్పాను.

పన్నెండు రాత్రుల తర్వాత రెండు జట్ల నోటుబుక్కులూ పక్కపక్కన పెట్టి చూశారు. వైఫై ఆపిన మూడు రాత్రులూ నల్లోడు గోడ అవతలే ఉన్నాడు, ఏడ్చాడు. పెట్టె ఆపిన మొదటి రాత్రి గేటు దాకా వచ్చాడు. రెండో రాత్రి చింతచెట్టు కింద పడుకున్నాడు. మూడో రాత్రి కిటికీ కింద వాడి పాత చోటులో ముడుచుకుని పడుకున్నాడు. వైఫై ఆ మూడు రాత్రులూ నడుస్తూనే ఉంది. పదో రాత్రి పెట్టె మళ్లీ వేయగానే లేచి వెళ్లిపోయాడు.

ఈ సంగతి ఫోనులో చెబుతుంటే తొమ్మిదో తరగతి తమ్ముడి గొంతు వణికింది. "అన్నా, వాడికి పిచ్చి కాదన్నా. మనమే రాత్రంతా వాడి చెవిలో ఈల ఊదాం" అన్నాడు.

ఒక కుక్క, ఒక హాస్టలు, పన్నెండు రాత్రులు. దీనితో లోకమంతటికీ సూత్రం రాయలేం. కానీ మన వరండాకు సంబంధించిన నిర్ణయానికి ఇది చాలు. వార్డెన్ సారు ఆ రోజే పెట్టె పీకించారు.

మరి ఎలుకల సంగతి? పెట్టె ఉన్న నెల రోజుల్లో కూడా బస్తాలకు చిల్లులు పడుతూనే ఉన్నాయని వంటాయన లెక్క చెప్పాడు. ఇలాంటి పరికరాల గొప్పలకు శాస్త్రీయ ఆధారం చూపాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే 60కి పైగా తయారీదారులకు, అమ్మకందారులకు హెచ్చరిక లేఖలు రాసింది. ఎలుకలు ఆ శబ్దానికి అలవాటు పడిపోతాయి. పైగా అతిధ్వని గోడను దాటదు, బస్తా చాటున చేరదు. ఇప్పుడు మన స్టోరులో కన్నాలకు సిమెంటు పెట్టారు, తలుపు కింద రేకు కొట్టారు, బియ్యం ఇనుప డ్రమ్ముల్లోకి మారింది. ఎలుక పళ్లకు డ్రమ్ము లొంగదు.

రేడియో తరంగాల వల్ల ఇంకే హానీ లేదా?

ఇది న్యాయమైన ప్రశ్న. వినబడకపోయినంత మాత్రాన హాని లేదని అనలేం. రేడియో తరంగం ఒంట్లో ఇంకినప్పుడు చేసే తెలిసిన పని వేడి పుట్టించడం. మైక్రోవేవ్ పొయ్యి అలాగే పనిచేస్తుంది. కానీ ఆ పొయ్యి లోపల వందల వాట్ల శక్తి ఒక ఇనుప పెట్టెలో బంధించి ఉంటుంది. ఇంటి వైఫై పెట్టె పంపే శక్తి సాధారణంగా ఒక వాట్‌లో పదో వంతు పరిసరాల్లో ఉంటుంది. అదీ నలుదిక్కులా చెదిరిపోతుంది. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. గది అవతల పడుకున్న కుక్క ఒంటికి అందేది చాలా స్వల్పం.

ఒక వింత మాత్రం ఉంది. 1962లో అలన్ ఫ్రే అనే అమెరికా శాస్త్రవేత్త, రాడార్ వంటి శక్తిమంతమైన రేడియో తరంగాలు తెంపుతెంపులుగా తగిలినప్పుడు మనుషులకు టకటకమనే శబ్దం వినిపిస్తుందని రాశాడు. తరంగం తలలోని కణజాలాన్ని అతి స్వల్పంగా, డిగ్రీలో లక్షల వంతు మాత్రమే, ఒక్కసారిగా వేడెక్కిస్తుంది. అది ఉబ్బి చిన్న పీడన తరంగం పుడుతుంది. అదే లోపలి చెవికి శబ్దంగా చేరుతుంది. కానీ అందుకు కావలసిన శక్తి ఇంటి వైఫైకి అందనంత ఎక్కువ.

2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ రేడియో తరంగాలను "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చు" అన్న జాబితాలో చేర్చింది. ఆధారాలు పరిమితమే కాబట్టి ఇంకా పరిశోధించాలని దాని అర్థం. భయపడి పరుగెత్తనక్కర్లేదు, పూర్తిగా కొట్టిపారేయనూ వద్దు.

కుక్క చెవికి నిజంగా శత్రువు ఎవరో కూడా చెప్పాలి. అది పెద్ద శబ్దం. అమెరికాలో ఒక కుక్కల సంరక్షణ కేంద్రంలో, కుక్కల అరుపులతోనే శబ్దం 100 డెసిబెల్స్ దాటే చోట, 14 కుక్కల వినికిడిని ఆరు నెలలు పరీక్షించారు. 14 కుక్కలకూ వినికిడి తగ్గిందని 2012లో ప్రచురించారు. దీపావళికి తోకకు టపాకాయ కట్టేవాడు, బ్లూటూత్ స్పీకరును కుక్క పక్కన పెట్టి దద్దరిల్లించేవాడు, వాళ్లు చేసే హాని వైఫై పెట్టె చేయలేదు.

మనం ఏం చేయవచ్చు?

1. కుక్క బాధను చూసి గుర్తుపట్టండి. చెవులు వెనక్కి అణచడం, ఎండ లేకపోయినా రొప్పడం, ఊరికే మూతి నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, తోకను కాళ్ల మధ్య ముడవడం, వణకడం, మూలకు దూరడం. ఇవన్నీ భయానికి గుర్తులు కావచ్చు.

2. అలవాటైన చోటు వదిలి కుక్క పారిపోతుంటే, ఆ చోట కొత్తగా ఏ వస్తువు వచ్చిందో చూడండి. ఒక్కొక్కటే ఆపి కొన్ని రోజులు గమనించండి. రెండూ ఒకేసారి ఆపితే ఏది కారణమో ఎప్పటికీ తెలియదు.

3. ఎలుకల్ని, కుక్కల్ని తరిమే అతిధ్వని పెట్టెలు జంతువులు పడుకునే చోట వద్దు.

4. వాడని చార్జర్లు ప్లగ్గులోంచి తీసేయండి. కరెంటూ మిగులుతుంది. కీచుమనే అడాప్టరు మార్చండి. బ్యాటరీ అయిపోయిందని కూసే పరికరానికి ఆ రోజే బ్యాటరీ వేయండి.

5. ఫోనులో శబ్దం కొలిచే యాప్ పెట్టుకుని "ఏమీ లేదు" అనకండి. ఫోను శబ్దాన్ని సాధారణంగా సెకనుకు 44,100 లేదా 48,000 సార్లు నమోదు చేస్తుంది. దానితో అందులో సగం, అంటే సుమారు 24,000 హెర్ట్జ్ వరకే తెలుస్తుంది. ఆ పైన ఫోనుకు కూడా చెవుడే.

6. ప్రవర్తన మారిన కుక్క దగ్గరికి మీరు వెళ్లకండి. పెద్దలకు, పశువుల ఆసుపత్రికి చెప్పండి. ఏ కుక్క కరిచినా, గీరినా, గాయాన్ని సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి. రేబిస్ లక్షణాలు వచ్చాక వైద్యం దాదాపు లేదు. ఇందులో ఆలస్యం వద్దు, మొహమాటం వద్దు.

చివరిగా

తమ్ముళ్లూ, నేను ఈ వ్యాసం కుక్కల కోసం మాత్రమే రాయలేదు. నల్లోడు నెల రోజులు గోడ అవతల నిలబడి ఏదో చెప్పాలని చూశాడు. కీడన్నాం, పిచ్చన్నాం, పంపించేద్దామన్నాం. వాడి బాధ మన చెవి హద్దుకు అవతల ఉంది కాబట్టి బాధే లేదనుకున్నాం. మనం వచ్చిన ఊళ్లలో, వాడల్లో, "మాకేమీ వినబడట్లేదే" అన్న మాట మన తాతలు, తండ్రులు ఎంతమంది నోట విన్నారో మీకు తెలుసు. అందుకే ఇంకొకరి బాధ మనకు వినబడనప్పుడు మనం మరింత ఓపిగ్గా వెతకాలి.

వైఫై ఉంది. పాఠాలు నడుస్తున్నాయి. పోయిన నెల నేను వచ్చిన రాత్రి స్టడీ అవర్ అయ్యాక చూశాను. స్టోరు కిటికీ కింద నల్లోడు కాళ్లు బార్లా చాపి గురక పెడుతున్నాడు. వాడి తలకు బారెడు దూరంలో గోడ మీద వైఫై పెట్టె పచ్చలైటు మిణుకు మిణుకుమంటోంది. వాడు కన్ను కూడా తెరవలేదు.

ఆ నోటుబుక్కు లైబ్రరీ బీరువాలో ఉంది. వార్షికోత్సవానికి వచ్చే మిత్రులు అడిగి చూడండి. మన హాస్టల్ తమ్ముళ్లు తామే ప్రశ్న వేసుకుని, తామే కొలిచి, తామే జవాబు రాసుకున్న పుస్తకం అది.